పక్క పేజీలో ఎవరున్నారు?

కథలు రాయాలనుంది, ఎవర్ని చదవమంటారు అని అడిగే కుర్రాళ్లు యలమంచిలిలో ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు. సంతోషం. పెద్దలు చెప్పే జాబితా మాత్రం ఎప్పుడూ ఒకటే: గురజాడ, చాసో, రావిశాస్త్రి, కారా. ఉత్తరాంధ్రలో ఉండి ఈ నలుగుర్నీ చదవకపోతే తప్పే, కాదనను. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం మన పక్కనేనాయె. కానీ అందరూ అవే చదవడంతో ప్రతివాడి మొదటి కథా రావిశాస్త్రి గొంతుతోనే బయల్దేరుతోంది.

నేనైతే రచయిత పేరుతో వెతకొద్దంటాను. పత్రిక పేరు, సంవత్సరం పెట్టుకుని వెతకండి.

ఆ వీలు మనకి ఓ లెక్కల మాస్టారి పుణ్యం. విశాఖలో పాఠాలు చెప్పిన కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా, తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. దాని వెబ్‌సైట్‌లో కథ పేరు, రాసినవారు, అచ్చయిన పత్రిక, తేదీ ఉంటాయి. చాలా కథలకి ఆనాటి పేజీల స్కాన్ కూడా ఉంటుంది. చాలామంది అందులో ముందు సొంత పేరే వెతుక్కుంటారనుకోండి, అది వేరే సంగతి.

గురజాడ కథలు ఒక చేతి వేళ్లకి సరిపోతాయి. పేరుతో వెతికితే ఓ పూటలో పనైపోతుంది. అదే ‘భారతి’ని పట్టుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో పెట్టిన మాసపత్రిక అది. ఏదో ఒక ఏడాది ఎంచుకుని నెల వెంట నెల చూసుకుంటూ పోతే, పెద్ద పేర్ల పక్కనే ఎన్నడూ వినని పేర్లు తగులుతాయి. ఎవరీయన? ఇంకెక్కడ రాశాడు? ఎందుకు మానేశాడు? ఆ ఆరా మొదలైతే చదువు దానంతటదే సాగుతుంది. తొలి కథ అంటే 1910 నాటి ‘దిద్దుబాటు’ అనే చాలాకాలం చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ అంతకు ఎనిమిదేళ్ల ముందే ‘ధన త్రయోదశి’ రాసిందన్న మాట పైకొచ్చింది పాత పత్రికలు తిరగేసినవాళ్ల వల్లే.

సంచిక మొత్తం చూడాలనుకుంటే ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలున్నాయి. ప్రకటనలు వదిలెయ్యకండి. అమృతాంజనం అమ్మిందీ, భారతి నడిపిందీ ఒకే మనిషి. ఆ రోజుల్లో జనం ఏ మందు రాసుకున్నారో, ఏం కొనుక్కున్నారో తెలియని కథకుడు తాతల కాలం కథ రాస్తే పాత్ర చేతిలో ఏం పెడతాడు?

ఫోనుంది కదా అంటారు. అరిగిపోయిన టైపుతో అచ్చయిన పేజీని ఫోన్‌లో చదివి చూడండి, రెండో కాలమ్‌కే కళ్లు లాగేస్తాయి. పెద్ద తెర కావాలి. శాఖా గ్రంథాలయాలు ఇప్పుడు పోటీ పరీక్షల పిల్లలతో నడుస్తున్నాయి, వాళ్ల కుర్చీలు లాక్కోమనడం లేదు. ఓ మూల ఒక కంప్యూటరు, నెట్టు, ఈ భాండాగారాల పేర్లు రాసిన అట్టముక్క చాలు. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది, అడగాలి.

ఓపికున్నవాళ్లు రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగి కథానిలయానికే వెళ్లొచ్చు. లేనివాళ్లు ఇంటి దగ్గరే 1930ల భారతి ఒక ఏడాదితో మొదలుపెట్టండి. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల జోలికి అప్పుడే వెళ్లకండి, వాటికి వేసవి సెలవులు కావాలి.