వాడాల్సినచోట భయం, వాడకూడనిచోట ధైర్యం

మొన్న సంక్రాంతికి అక్కావాళ్ళింటికి వెళ్తే రెండు వింతలు చూశాను. బావగారికి గజ్జల్లో తామర. మందుల షాపువాడు క్లోబెటసాల్ కలిసిన క్రీము ఇచ్చాడట, మూణ్ణెల్లుగా రాస్తున్నారు. రాస్తే దురద తగ్గుతుంది, ఆపితే రెట్టింపవుతుంది. నాలుగేళ్ళ మేనకోడలికి మోచేతి మడతల్లో ఎగ్జిమా. డాక్టరు రాసిన హైడ్రోకార్టిసోన్ మాత్రం "అమ్మో, స్టెరాయిడ్!" అని బీరువాలో పెట్టేశారు. పిల్ల రాత్రంతా రక్తం వచ్చేలా గోక్కుంటోంది.

ఇదెక్కడి న్యాయమండీ?

స్టెరాయిడ్ పని వాపునీ, ఎరుపునీ, దురదనీ అణచడం. ఎగ్జిమాకి కావలసిందదే. తామర అలా కాదు, అది ఫంగస్. పైకి తగ్గినట్టే ఉంటుంది, లోపల్లోపల పాకుతుంది. బగ్గుని వదిలేసి ఎర్రర్ మెసేజీ ఆపేసినట్టన్నమాట!

పైగా అన్ని ట్యూబులూ ఒకటి కాదు. హైడ్రోకార్టిసోన్ మెతకది, క్లోబెటసాల్ బాగా ఘాటుది. ఘాటుది మొహానికో, గజ్జలకో నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, చారలు పడతాయి. ఎంత బలమైనది, ఎక్కడ, ఎన్నాళ్ళు... ఈ మూడూ సరిగ్గా ఉంటే చాలావరకు భయం అక్కర్లేదు. పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపంత పొడవు పిండితే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకి చాలు. ఈ ముక్క చెప్పడానికి డాక్టర్లకి అర నిమిషం పట్టదు, అయినా చెప్పరు!

చాలా స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం చెప్పింది. షాపువాడు అడిగాడా? మనం చూపించామా?

బావగారిని చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. అక్కతో ఇంకా వాదిస్తూనే ఉన్నాను. తిట్టాల్సింది ట్యూబుని కాదు, అడక్కుండా రాసుకునే, అడక్కుండా మానేసే మనల్ని. ఏమంటారు?