గారపండ్లు

కూలివానిని కుదుర్చుకొనునపుడు మన గృహస్థులు ముందుగా చూచునది వాని చేతులను గాదు, నోటిని. పండ్లు గోధుమవన్నె తిరిగియున్నచో "వీడు ముఖము కడుగనివాడు, వీనికి శుచియు శుభ్రమును తెలియవు" అని లోలోపల తీర్పు చెప్పివేయుదురు. ఆడుకూలియైనచో ఆ తీర్పు లోపల నిలువదు. పెరటిలో నామెకు వినబడునట్లే పలుకబడును. ఆ తీర్పునకు మనవారు పెట్టిన పేరు "గారపండ్లు".

ఈ మాటలోనే నింద యిమిడియున్నది. గార యనగా తోమక విడిచిన పాచి పంటిపై గట్టిపడి పేరుకొన్నది. అది మనుష్యుని అశ్రద్ధవలన కలుగును, శ్రద్ధవలన పోవును. కాని పడమటి నెల్లూరు మెట్టనుండి దిగివచ్చు కూలివారి విషయమున నీ మాట పలుమారు అబద్ధము. వారి పంటిపై నున్న మచ్చ పైనుండి పట్టినది కాదు, లోనుండి పుట్టినది. ఈ భేదము తెలియనివారే యిప్పుడు వారికి దంతపరిశుభ్రతను బోధింప బయలుదేరుచున్నారు. నా కలహమంతయు వీరితోనే.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వెలిగొండల నీడనున్న మెట్టభూములు. చెరువు నిండిన యేడు పంట, నిండని యేడు వలస. ఆత్మకూరు చెంతనే సోమశిల జలాశయమున్నది గాని ఆ నీటిలో పెద్దపాలు పెన్నవెంట దిగి తూర్పున డెల్టా మాగాణులను తడుపును. ఆ నీటి వెనుకనే మెట్టజనమును నాట్లకు, కోతలకు దిగిపోవుదురు. మరికొందరు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములకు పోయి రాళ్లు మోయుదురు. ఊరిలో మిగులువారు ముసలివారును, వారికి అప్పగింపబడిన పసివాండ్రును. ఆ పసివాండ్రకు బోరునీరే గతి.

ఆ నీటి కథ క్రొత్తది కాదు. 1937 లో షార్టు అను వైద్యపరిశోధకుడును అతని సహచరులును నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ప్రజలను పరీక్షించి, పండ్లు మచ్చలువారుటకును, వెన్నును కీళ్లును బిగిసిపోవుటకును త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. మన దేశమున మనుష్యులయందు ఈ వ్యాధి గుర్తింపబడుట అదియే మొదలు. అంతకు పూర్వమే అచ్చటి రైతులు తమ యెద్దులు కీళ్లు పట్టి కాడి లాగలేకుండుటను గమనించిరందురు. మనుష్యులకు ముందు ఎద్దుల బాధ తెలియుట మన దేశపు వరుసకు తగియే యున్నది! 1970 లో ఒంగోలు రాజధానిగా వేఱు జిల్లా ఏర్పడి ఆ తాలూకాలు అందులో చేరెను గాని, భూమి క్రిందనున్న రాతికి జిల్లాల యెల్లలు తెలియవు. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతముల బోరులలోను ఆ ఫ్లోరైడే యున్నది. 2008-09 లో కేంద్రప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమమును ఆరంభించినపుడు తొలుత నెన్నుకొనిన కొద్ది జిల్లాలలో నెల్లూరును చేరినది. ఇంత తెలిసిన సంగతి మన పెరటి తీర్పులను మాత్రము మార్చలేకపోయినది.

ఆ మచ్చ పుట్టు విధమును చెప్పెదను. శాశ్వతదంతముల పైనుండు ఎనామిలు పొర, బిడ్డ పుట్టినది మొదలు సుమారు ఎనిమిదేండ్లవరకు దవడలోపలనే సిద్ధమగుచుండును. ఆ కాలమున మితిమీరిన ఫ్లోరైడుగల నీరు త్రాగిన బిడ్డకు ఆ పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చునప్పటికే సున్నపు చారలు కనబడును; పిదప నవి గోధుమవన్నెకు తిరుగును. ఇరువదేండ్లవాని పంటిపై మనము చూచునది వాడు నేటి యుదయమున చేయని పని కాదు, వాడు చంటివాడై యున్నపుడు వాని యూరికి మనము ఇయ్యని నీరు.

అమెరికాలోని కొలరాడోలో ఇట్టి మచ్చలనే చూచి మెకే అను దంతవైద్యుడు 1901 మొదలుకొని కారణము వెదకెను. 1931 లో ఒక అల్యూమినియము కంపెనీ రసాయనజ్ఞుడు నీటిలో ఫ్లోరైడును కనుగొనువరకు ముప్పదేండ్లు ఆ విచారణ నడచినది. ఊరివారిని "పండ్లు తోముకొనుడు" అని గద్దించి ఆ వైద్యుడు ఊరకుండలేదు. మన మెట్టవారికి ఆపాటి మర్యాదయైనను దక్కవలదా?

దక్కుచున్నది వేఱు. ఏడాదికొకమారు ఎవరో యొక దాతృసంఘమువారు పాఠశాలలో శిబిరము పెట్టి, తెల్లని పలువరుస బొమ్మ గోడకు వ్రేలగట్టి, బ్రష్షులును పేస్టు గొట్టములును పంచిపెట్టి, ఉదయము సాయంకాలము తోమినచో మీ పండ్లును ఇట్లే మెఱయునని చెప్పిపోవుదురు. తోమినను మెఱయవు. అప్పుడా యాడుపిల్ల యేమి చేయును? పెండ్లిచూపులనాటికైనను తెలుపు రావలెనని ఇటుకపొడితో, బొగ్గుతో, ఉప్పుతో చిగుళ్లు నెత్తురు గ్రక్కునట్లు రుద్దును. అసలే బలహీనమైన పొర అరిగిపోవును; మచ్చ పోదు; పైగా జివ్వుమను సలుపు మిగులును. అన్నిటికంటె చెడ్డది, తప్పు తనదేయని ఆ పిల్ల నమ్మును. నోరు విప్పి నవ్వుట మాని, కొంగు అడ్డము పెట్టుకొని మాటలాడుట నేర్చును. ఈ సిగ్గును నేర్పుటయేనా దంతవిద్య?

పేస్టు సంగతియు ఆలోచింపదగినదే. పిప్పిపన్ను రాకుండ ఫ్లోరైడు పేస్టు మేలుచేయుననుట నిజము. కాని నీటిలోనే ఫ్లోరైడు మితిమీరిన యూరిలో, ఉమ్మివేయుట యెఱుగని పసివానికి బ్రష్షు నిండ ఆ పేస్టు పెట్టి యిచ్చుట, మునుగుచున్నవానిపై కడవెడు నీళ్లు క్రుమ్మరించుటయే. ఇచ్చటి నీటిలో ఎంతయున్నదని యడిగి యే పేస్టు పంచవలెనో నిర్ణయించుకొనిన శిబిరమును నేను చూచి యెఱుగను.

మఱియొకటి. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని నియమమున్నది. ఒకటికి లోబడియుండుట మేలందురు. నీడపట్టున కూర్చుండి దినమునకు రెండు లీటర్లు త్రాగువానికి ఆ పైహద్దు నీటితో చేరునది మూడు మిల్లీగ్రాములు. ఎండలో కొడవలి పట్టి ఆరు లీటర్లు త్రాగువానికి అదే నీటితో తొమ్మిది. పెద్దవాని పంటిపై అది క్రొత్త మచ్చ వేయదు గాని ఎముకలో చేరును. కడుపునకు చాలినంత తిండి లేనివానిని మఱింత పీడించును. పండ్ల మచ్చ యీ వ్యాధికి గడప మాత్రమే.

ఈ మచ్చలను తిట్టుటలో మునిగి మనము నోటిలోని అసలు దొంగను విడిచిపెట్టుచున్నాము. కూలివానికి పన్ను సలుపు పుట్టినచో నేమి చేయును? ఉదయగిరినుండి నెల్లూరి దంతవైద్య కళాశాలకు సుమారు నూరు కిలోమీటర్లు. పోయి వచ్చుటకు ఒక దినపు కూలి, బస్సు ఖర్చు. ఒకమారుతో పని తీఱునను నమ్మకము లేదు. కావున పొగాకు కాడ తుంచి దవడలో నొక్కిపెట్టును. కొంతసేపు తిమ్మిరియెక్కి నొప్పి తెలియదు. మందుగా వచ్చినది అలవాటై కూర్చుండును. ఆడువారికి నస్యము పండ్లకు రుద్దుకొనుటయు నిట్లే అంటుకొనును. దవడలోపల తెల్లని పొక్కు లేచినను, రెండు వారములకు మానని పుండు పడినను, నోరు తెఱచుట కష్టమైనను, అది రాచపుండునకు తొలిగుర్తు కావచ్చునని వారికి చెప్పిన నాథుడు లేడు. బ్రష్షు పట్టుకొను విధమును మాత్రము ఎల్లరును చెప్పుదురు!

కలిగిరిలోను, డి.సి. పల్లిలోను పొగాకు బోర్డువారి వేలముకేంద్రములున్నవి. ఆ యాకు సిగరెట్టులకు పోవును, కూలివాని నోటికి వచ్చునది ఖైనీ, బీడీ, చుట్ట. ఏదైన నేమి? ఒక చేతితో వేలము పాడించి వేఱొక చేతితో "పొగాకు ప్రాణాంతకము" అని గోడలపై వ్రాయించు ప్రభుత్వమును చూచి, ఆ యాకు కోసి గుచ్చిన కూలివాడు నవ్వుకొనినచో వానిని మూర్ఖుడనకుడు.

"వారికి చెప్పినను వినరు" అని మన చదువరులలో కొందరందురు. చెప్పినదెప్పుడు? పాఠశాలలో శిబిరము జరుగు పగటివేళకు ఆ యూరి వయసువారందఱు కోవూరు చేలలో నడుము వంచియుందురు. వినుటకు వారు ఊరిలో లేరు. వారున్న చోటికి మనము పోలేదు. వేపపుల్లను నమలి కుంచెవలె చేసి తోముకొను నేర్పు వారికి తాతలనాటిది. చిగుళ్లు, పాచి, తీపి తినుబండారములనుగూర్చి చెప్పవలసిన నాలుగు మాటలు దానికి జోడించిన చాలును. పుల్లను పాఱవేయించి బ్రష్షు చేతబెట్టుట విద్య కాదు.

కావున ఈ విద్య సాగవలసినది కళ్లములలో, నాట్ల ముఠాలు దిగు కొట్టములలో, రాత్రి వంట పొయ్యిలచుట్టును. ముఠా మేస్త్రికి నేర్పుడు. ముప్పదిమందిని వెంటబెట్టుకొని వచ్చు వాని మాట వారు విందురు. డెల్టాలో భూములుండి యీ పత్రిక చదువు గృహస్థులు అనేకులు గలరు. వారి చేలలో వంగినవారికి మంచినీటి బిందె నిచ్చుటయు, నోటిలో పుండున్నవానిని కూలి కోయకుండ ఒకనాడు వైద్యశాలకు పంపుటయు వారి బాధ్యత. ఇది దానము కాదు, పని చేయించుకొనినవాని ఋణము.

ఊరిలో మిగిలిన పసివాండ్ర విషయమున ఉపన్యాసములతో పనిలేదు. ఉదయగిరి మొదలు ఆత్మకూరువరకు ప్రతి బోరుకడను, అందలి నీటిలో ఫ్లోరైడు లీటరునకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుగంకెలలోనైనను ఇంగ్లీషంకెలలోనైనను పెద్దగా పలకపై వ్రాయింపుడు. ఎనిమిదేండ్లలోపు బిడ్డలున్న యింటికి ముందుగా శుద్ధజలము చేర్చుడు. పంచాయతివారు ఆ పలక నెత్తుటకు జంకినచో ఎందులకు జంకుచున్నారో సభలో నిలిచి యడుగుడు. ఆ పలక లేచువరకు ఎవరి పండ్లనుగూర్చియు మన పెరటిలో మాట పుట్టనీయకుడు.