వలస కార్మికుడికీ పోస్టల్ బ్యాలెట్

పోస్టల్ బ్యాలెట్ మన దేశానికి కొత్త కాదు. సైనికులు, ఎన్నికల విధుల్లో ఉండే ఉద్యోగులు దశాబ్దాలుగా దీన్ని వినియోగించుకుంటున్నారు. 2016 నుంచి సైనికులకు ఖాళీ బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెళ్తోంది. ముద్రించుకుని, ఓటు వేసి తపాలాలో తిప్పి పంపుతారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి దేశమంతటా ఇంటివద్దే ఓటు వేసే వీలు కలిగింది. ఈ జాబితాలో వలస కార్మికుడు మాత్రం లేడు. ఇది అన్యాయం.

ముంబయిలో మట్టి పనికి పోయిన పాలమూరు కూలీకి, గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవెక్కే శ్రీకాకుళం మత్స్యకారుడికి ఓటంటే రానుపోను ఛార్జీలు, పోగొట్టుకున్న కూలి డబ్బులు. 2024 మే 13 పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారి వాహనాలతో కిక్కిరిసింది. అంత దగ్గరలో లేనివారు ఉన్నచోటే ఆగిపోయారు. 2019లో సుమారు 30 కోట్ల మంది ఓటు వేయలేదని, వలస అందుకు ఓ ముఖ్య కారణమని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘమే చెప్పింది. అప్పుడు ప్రతిపాదించిన రిమోట్ ఓటింగ్ యంత్రం ప్రతిపక్షాల అభ్యంతరాలతో ముందుకు సాగలేదు. కాగితం బ్యాలెట్‌కు ఆ చిక్కు లేదు.

తపాలా ఓటుపై బలమైన అభ్యంతరం ఒకటుంది: రహస్యం. లేబర్ క్యాంపుకే బ్యాలెట్ వస్తే మేస్త్రీ పక్కన నిలబడి ఓటు వేయించవచ్చు. డబ్బు పంచినవాడు చూపించమని అడగవచ్చు. ఈ భయం ఊహ కాదు. అక్రమాలు బయటపడ్డాకే ఫ్రాన్స్ 1975లో తపాలా ఓటును రద్దు చేసింది. అందుకే బ్యాలెట్ కార్మికుడి బసకు రాకూడదు. ముందుగా దరఖాస్తు చేసుకున్నవారు పని చేసే చోటనే తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి, పార్టీల ఏజెంట్లు చూస్తుండగా గుర్తింపు నిరూపించుకుని, తెర చాటున ఓటు వేసి, కవరు అక్కడే అప్పగించాలి. ఎన్నికల సిబ్బందికి ఫెసిలిటేషన్ కేంద్రాల్లో జరుగుతున్నది దాదాపు ఇదే.

ధ్రువీకరణ బాధ్యత కూడా ఆ కేంద్రం అధికారిదే కావాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోస్టల్ ఓటుతో జతచేసే డిక్లరేషన్ అయిన ఫారం 13ఎపై అధికారి సంతకం ఉండి సీలు లేని ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అధికారి పొరపాటుకు ఓటరు బలి కాకూడదు.

సమయం సరిపోతుంది. నామినేషన్ల ఉపసంహరణకు, లోక్‌సభ, శాసనసభ పోలింగ్‌కు మధ్య కనీసం 14 రోజులుండాలని చట్టమే చెబుతోంది. ఖాళీ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే, ఓటు వేసిన కవరు లెక్కింపు రోజు ఉదయం 8 గంటల్లోగా స్పీడ్ పోస్టులో చేరగలదు. పంచాయతీ ఎన్నికల్లో ఈ వ్యవధి మరీ తక్కువ. రాష్ట్రాలు తమ నిబంధనలు మార్చి దాన్ని పెంచాలి.

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో వలస కార్మికుడికి ఈ వీలు కల్పించడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. ప్రభుత్వాన్ని సంప్రదించి ఏ వర్గానికైనా పోస్టల్ బ్యాలెట్ ఇచ్చే అధికారం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 60(సి) సెక్షన్ కింద ఎన్నికల సంఘానికి ఇప్పటికే ఉంది. వలస కార్మికులను అందులో చేర్చుతూ సంఘం వెంటనే నోటిఫికేషన్ ఇవ్వాలి.