రోగనిరోధక శక్తియు, దాని కళ్లెమును

రోగనిరోధక శక్తిని పెంచునని చెప్పబడు చూర్ణములును మాత్రలును నేడు పలు అంగళ్లలో విక్రయింపబడుచున్నవి. ఆ శక్తి యెంత హెచ్చిన నంత మేలని తలిదండ్రులలో పెక్కుమంది తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. అందులకు గల కారణములను విద్యార్థులకును బోధపడునట్లు వివరింప యత్నించెదము.

మన నెత్తురునందలి తెల్లకణములలో టీ కణములను తెగ యొకటి కలదు. ఇవి ఎముకల మూలుగలో జనించి, రొమ్మెముక వెనుకనున్న థైమస్ గ్రంథియందు శిక్షణ పొందును. వైరస్ మన కణములలో దూరి దాగినప్పుడు, వీనిలో కొన్ని అట్టి కణములను గుర్తించి సంహరించును. ఈ గుర్తింపు విధమును కనుగొనినందులకే డోహర్టీ, జింకర్‌నాగెల్ అను శాస్త్రజ్ఞులకు 1996లో నోబెల్ బహుమానము లభించెను.

అయితే వైరస్ దీర్ఘకాలము తొలగక నిలిచినచో ఈ కణములు అలసి, చావకయే చేష్టలుడిగియుండును. వాని పైపొరయందలి పీడీ-1 అను పదార్థము కళ్లెమువలె పనిచేయుట ఇందుకొక కారణము. హైదరాబాదున జన్మించి ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన రఫీ అహమద్ గారును, వారి సహచరులును ఎలుకలపై పరీక్షలు జరిపి, ఆ కళ్లెమును బిగించు సంకేతము నడ్డగించినచో అలసిన కణములు మరల మేల్కొని వైరస్‌ను తగ్గించునని 2006లో ప్రకటించిరి. మన విద్యార్థులు గర్వింపదగిన విషయమిది.

కాని ఆ పరిశోధనయందే మఱియొక సంగతి వెల్లడియయ్యెను. ఆ సంకేత మందించు పదార్థము పుట్టుకతోనే లేని ఎలుకలు అదే వైరస్ సోకగా మరణించెను. వానిని చంపినది తమ కణముల మితిమీరిన పోరాటమే. ఆ 2006లోనే లండను నగరమున, వేరు రోగములకై సిద్ధపరచిన టీజీఎన్ 1412 అను మందును, ఆరుగురు ఆరోగ్యవంతులకు పరీక్షార్థ మిచ్చిరి. టీ కణములను రేపు ఆ మందువలన కొలది గంటలలోనే వారి అవయవములు దెబ్బతినెను. వారు ప్రాణములతో బయటపడుట భాగ్యమే.

2020లో కోవిడ్ వ్యాధియందు జరిగిన పరీక్ష సైతము ఇట్టి పాఠమునే నేర్పెను. నిరోధక శక్తిని అణచు డెక్సామెథసోన్ అను చౌకమందు, కృత్రిమ శ్వాసయంత్రముపై నున్నవారి మరణములను ఇంచుమించు మూడవ వంతు తగ్గించెను. ప్రాణవాయువు అవసరపడనివారికి మాత్రము దానివలన మేలు కానరాలేదు. ఒకే వ్యాధియందైనను ఏ మందు ఎప్పుడు తగునో రోగి స్థితినిబట్టి నిర్ణయింపవలసియున్నది గదా!

కావున టీ కణములను మేల్కొల్పు ఔషధములను మేము నిందింపము. పీడీ-1ను అడ్డగించు మందులు 2014 మొదలుకొని క్యాన్సరు రోగులలో కొందఱి ఆయువును పొడిగించినవి. అయినను అవే కొందఱికి పేగులయందును, కాలేయమునందును, ఊపిరితిత్తులయందును వాపు కలిగించుచున్నవి. అందుచేతనే అవి వైద్యుని కనుసన్నలలో వాడదగినవి.

ఆరోగ్యముగ నున్న బాలునకు కావలసినది కళ్లెము విప్పుట కాదు. తగిన ఆహారము, నిద్ర, వేళకు టీకాలు చాలును. టీకా ఆ కళ్లెమును తొలగింపకయే శత్రువు ఆనవాలును కణములకు ముందుగా నేర్పును. ఎవరైన శక్తి పెంచు మందని చేతికిచ్చినచో తలిదండ్రులు మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇది దేనిని మేల్కొల్పును? ఎవరికి, ఎప్పుడు తగును? మేల్కొనినదానిని మరల ఆపుట యెట్లు? సమాధానము దొరకనిచో ఆ మందును అంగడియందే విడుచుట మేలు.