గోదావరిపై పాత వంతెన

రాజమహేంద్రవరం వద్ద గోదావరిని అఖండ గోదావరి అంటారు. ధవళేశ్వరం దాటిన పిమ్మట పాయలుగా చీలిపోయే ఆ నది, ఇక్కడ ఆవలి ఒడ్డు మసకగా కనిపించేంత విశాలంగా పారుతుంది. ఆ విశాలతకు అడ్డంగా, రాతి స్తంభాలపై ఒక ఇనుప వంతెన నిలిచి ఉంది. 1997 తరువాత దానిపై రైలు నడవలేదు. కాగితాలలో దాని పేరు హేవ్‌లాక్ వంతెన. జనం నోట మాత్రం పాత వంతెన.

1893-96 సంవత్సరాల మధ్య కటకం నుండి బెజవాడ వరకు తూర్పు తీర రైలుమార్గం ఏర్పడింది. ఇనుపదారి రెండు ఒడ్డులకూ వచ్చింది గాని నడుమ నది మిగిలిపోయింది. ప్రయాణికులు ఒక గట్టున రైలు దిగి, పడవలో నది దాటి, ఆవలి గట్టున మరల రైలెక్కవలసి వచ్చేది. ఈ అవస్థ తీర్చడానికి 1897 నవంబరు 11న వంతెన పని ఆరంభమైంది. కాశీ వద్ద గంగపై వంతెన కట్టిన అనుభవం గల ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ ఈ పని నడిపించాడు. స్తంభానికీ స్తంభానికీ నడుమ సుమారు 45.7 మీటర్లు; అటువంటి అంకణాలు 56. మూడేళ్లయినా నిండకమునుపే, 1900 ఆగస్టు 30న రాకపోకలు మొదలైనాయి. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవ్‌లాక్ పేరు దానికి పెట్టారు. రాళ్లు చెక్కినవారికి, నదీగర్భంలో దిగి స్తంభాలు లేపినవారికి అటువంటి భాగ్యం కలుగలేదు.

దాదాపు ఒక శతాబ్దం పాటు మద్రాసు, హౌరాల నడుమ తిరిగే రైళ్లను ఈ వంతెన మోసింది. రైలు వంతెన మీదికి రాగానే కిటికీలోనుండి నాణెం విసిరి గోదారమ్మకు దండం పెట్టని ప్రయాణికుడు అరుదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించి వరద పోటెత్తినప్పుడు కూడ ఈ స్తంభాలు చలించలేదు. అయితే అది ఒంటిదారి. పెరిగిన రద్దీకి అది చాలలేదు. 1974లో రోడ్డు, రైలు కలిసిన రెండవ వంతెన, 1997లో విల్లువంటి కమానులతో మూడవ వంతెన వచ్చాయి. పాతదానికి విశ్రాంతి లభించింది.

పని తీరిన వస్తువును ఏమి చేయాలి? పాత ఇనుముగా అమ్మివేస్తే నాలుగు డబ్బులు వస్తాయనే వాదం ఒకటి ఉంది. అది బొత్తిగా తోసిపుచ్చదగినది కాదు. తుప్పు పట్టిన ఇనుము నదిలో కూలితే ప్రమాదమే. కాని ఒకసారి కరిగించిన దానిని మరల పొందలేము. ఈ వంతెన దాటి మద్రాసు చేరిన కోస్తావాసి, అక్కడ ఊరు తిరగడానికి ట్రాము ఎక్కేవాడు. 1895లో మొదలైన ఆ విద్యుత్ ట్రాములు 1953లో ఆగిపోయాయి. నేడు ఆ వీథులలో తిరిగేవారికి, ఒకప్పుడు అక్కడ ట్రాము నడిచిందని పుస్తకం చెప్పాలి గాని దారి చెప్పదు. కలకత్తాలో 1873లో పుట్టిన ట్రాములు అంచెలంచెలుగా కుదించుకుపోతుంటే, వాటిని నిలుపుకోవడానికి నగరవాసులు ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్లారు. పాత వంతెన విషయంలో ఆ ఆలస్యం జరుగరాదు.

అయితే రక్షణ అంటే అలంకరణ కాదు. నన్నయభట్టు భారతాంధ్రీకరణకు పూనుకొన్న ఊరు ఇది. ఆ గ్రంథం తాళపత్రాలలో చేతులు మారుతూ మనదాకా వచ్చింది. దానిని పరిష్కరించిన పండితులు శిథిలమైన అక్షరాన్ని ఊహించి పూరించినా, ఆ పూరణను గుర్తుపెట్టి చూపారు. తమ పద్యం చొప్పించి నన్నయ పద్యమని చెప్పలేదు. చెప్పినవారిని లోకం ప్రక్షిప్తకారులన్నది. పాత వంతెనను బాగుచేసేవారికీ ఇదే నియమం వర్తించాలి. చీకిన దూలం మార్చవచ్చు, కొత్తది కొత్తదిగా తెలియాలి. రైలు నడిచిన వరుస చూపరులకు అర్థం కావాలి. రంగుదీపాలు, తినుబండారాల దుకాణాలు వంతెనను కప్పివేస్తే మిగిలేది సంత మాత్రమే. న్యూయార్కు నగరంలో 1980లో రైళ్లు ఆగిన ఒక ఎత్తయిన సరుకుల మార్గాన్ని 2009 నుండి నడకదారిగా తెరిచారు. అక్కడ మొక్కల నడుమ పాత పట్టాలను అక్కడక్కడ ఉంచారు. నడిచేవాడి కాలికింద చరిత్ర కనబడుతుంది.

2025 జూన్ 26న అఖండ గోదావరి పథకానికి రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. 94.44 కోట్ల రూపాయల ఆ పథకంలో పాత వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దడం ఒక భాగం. ఇది సంతోషించదగిన విషయమే. ఇనుముకు శత్రువు తుప్పు. నదిగాలిలో అది ఒక వేసవికే తిరిగి వస్తుంది. ఏటేటా గీకి రంగు వేయడానికి, వదులైన రివెట్లను చూడడానికి, స్తంభాల అడుగున కోతను కొలవడానికి వేరుగా నిధి, మనుషులు కావాలి. ప్రారంభోత్సవం నాటి ఖర్చుకు ఈ ఖర్చును ముందే జతచేసి లెక్కించాలి. 2027లో పుష్కరాలకు వచ్చే యాత్రికులలో కొందరైనా ఈ వంతెనపై కొంతదూరం నడువగలిగితే, ఇన్నాళ్లు కిటికీలోనుండి క్షణకాలం చూసిన నదిని నిలబడి చూస్తారు.