అత్తగారి ఫోటో పెద్దది చేయిస్తున్నారా?

సంవత్సరీకం దగ్గర పడితే వంటవాళ్ళూ, పురోహితుడూ గుర్తొస్తారుగానీ, గోడకు పెట్టే ఫోటో సంగతి చివరిదాకా ఎవరికీ పట్టదు. మా ఎచ్చెర్లలో పక్కింటి వదినకు అదే జరిగింది. వాళ్ళ అత్తగారిది మిగిలింది ఒకే ఒక్క పాస్‌పోర్టు సైజు ఫోటో. దాన్ని సెల్‌తో తీసి విశాఖలో ఉన్న కొడుక్కి వాట్సాప్ చేసింది. అతను మరకలు తుడిచి మేనత్తకు పంపాడు. ఆవిడ శ్రీకాకుళం స్టూడియోకు పంపింది. ఇంత పెద్ద ఫ్రేము కట్టించి తెచ్చాక చూస్తే కళ్ళు అలికేసినట్టు, చెంపల మీద గళ్ళు గళ్ళు! వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, స్టూడియో అబ్బాయి తప్పేం లేదండీ. చేతికొచ్చిన ఫైలే అలా ఉంది.

సెల్‌ఫోన్లు ఎక్కువగా ఫోటోను జెపెగ్ పద్ధతిలో దాస్తాయి. 1992 నాటి ప్రమాణం ఇది. చోటు కలిసిరావడానికి కంటికి అంతగా ఆనని వివరాలను తీసిపారేస్తుంది. ఒక్కసారికి తెలియదు. కానీ దిద్ది దాచిన ప్రతిసారీ మరికాస్త పోతుంది. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపితే కొలత కూడా తగ్గిపోతుంది.

కాబట్టి సెల్‌తో తీయకండి, స్కాన్ చేయించండి. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకవద్దు, అద్దంతోనే చేయించండి. అంగుళానికి 1200 చుక్కలు పెట్టమనండి. పాస్‌పోర్టు ఫోటోకి అడ్డంగా సుమారు 1650, నిలువుగా 2100 చుక్కలు వస్తాయి. అచ్చులో అంగుళానికి 300 చొప్పున పడితే అయిదున్నర, ఏడు అంగుళాల ఫోటో కళగా ఉంటుంది. గోడ మీద దూరం నుంచి చూసేదే కదా అనుకుంటే 200 చాలు, ఎనిమిది, పది అంగుళాల దాకా వెళ్ళొచ్చు. అంతకు మించి లాగితే ఏం లాభం? మన పొందూరు ఖద్దరైనా సరే, గుడ్డను లాగినంతమాత్రాన పోగులు పెరుగుతాయా!

స్కాన్ చేసింది టిఫ్‌గా ఇమ్మని అడగండి. అందులో ఏదీ పోదు. బరువు పది ఎం.బి. ఉంటుంది, ఉండనివ్వండి. పి.ఎన్.జి.లోనూ పోదు, అదైనా ఫరవాలేదు. ఆవకాయ పెద్ద జాడీ అటక మీద ఉంచి, రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకుంటాం చూడండి, అలాగే అసలుది ముట్టుకోకుండా దాని నకలు మీదే దిద్దుబాట్లన్నీ చేయించండి. అన్నీ అయ్యాక ఆఖరున ఒక్కసారి, ఎక్కువ నాణ్యత పెట్టి జెపెగ్ చేసి స్టూడియోకు ఇస్తే చాలు. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్ తప్పదంటే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 2023లో వచ్చిన హెచ్.డి. కూడా అసలుకు సాటిరాదు. అక్షరాలుండే ఆహ్వాన పత్రికలకైతే పి.డి.ఎఫ్. మేలు.

అన్నట్టు, వదిన మళ్ళీ స్కాన్ చేయించి, ఈసారి ఎనిమిది, పది సైజే కట్టించింది. అత్తగారి ముక్కుపుడక రాయి కూడా కనిపిస్తోంది.