ఊరి నడుమ తెర కడితే థియేటర్‌కు నష్టమా?

బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే దారిలో ఉన్న రామనగర గుట్టల గురించి మన సరిహద్దు జిల్లాల్లో తెలియనివాళ్లు తక్కువ. ‘షోలే’ తీసింది అక్కడే. 1975లో వచ్చిన ఆ బొమ్మను బాగుచేసి, మొదట తీసిన ముగింపుతో సహా 2025 జూన్ 27న మళ్లీ తెర మీద వేశారు. వేసింది ముంబయిలోనూ కాదు, బెంగళూరులోనూ కాదు. ఇటలీలోని బొలోన్యా నగరం నడిబొడ్డున, పియాజ్జా మజ్జోరె అనే పెద్ద కూడలిలో. ఆరుబయట తెర, ఎదురుగా కుర్చీలు. టికెట్టు లేదు.

మన గుట్టల్లో తీసిన సినిమాను ఎక్కడో ఊరివాళ్లు ఆరుబయట కూర్చుని ఊరికే చూశారు. మరి బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో అలా ఒక తెలుగు బొమ్మ వేయాలంటే కుదరదా? కుదురుతుంది. డబ్బు కంటే ముందు చూసుకోవాల్సినవి మూడున్నాయి: హక్కులు, అనుమతి, వేళ. వాటి సంగతి తెలియక చాలాచోట్ల ఈ ఆలోచన మాటల దగ్గరే ఆగిపోతోంది.

అక్కడ ఎలా కుదిరింది?

బొలోన్యాలో ‘సినేటెకా’ అనే సినిమా భాండాగారం ఉంది. పాత సినిమాలను వెతికి, బాగుచేసి చూపించే ఉత్సవాన్ని 1986 నుంచి అదే నడుపుతోంది. పాడైపోయిన రీళ్లను బాగుచేసే ల్యాబ్ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఏటా వేసవిలో రాత్రిళ్లు కూడలిలో ఉచితంగా సినిమాలు వేస్తారు. అందులో ఎక్కువ భాగం పాతవే. థియేటర్‌లో ఈ వారం ఆడుతున్న బొమ్మతో వాళ్లకు పోటీ లేదు. హక్కులెవరివో, కాపీ ఎక్కడుందో, ఆ రాత్రి కూడలికి ఎవరు బాధ్యులో అన్నీ ముందే తేల్చుకుంటారు. చూసేవాళ్లకు ఊరికే అయినా, వెనుక ఒక సంస్థ ఏడాది పొడవునా చేసే పని అది.

రోమ్‌లో రాజుకున్న తగాదా

అదే దేశంలో రాజధాని రోమ్‌లో కథ వేరుగా నడిచింది. మూతపడిన ‘సినిమా అమెరికా’ అనే హాలును 2012లో కొందరు కుర్రాళ్లు ఆక్రమించి నడిపారు. 2014లో వాళ్లను ఖాళీ చేయించారు. తర్వాత వాళ్లు దగ్గర్లోని సాన్ కోసిమాతో కూడలిలో వేసవి రాత్రుల్లో ఉచితంగా సినిమాలు వేయడం మొదలుపెట్టారు. జనం బాగా వచ్చారు. ‘ఊరికే చూపిస్తుంటే మా టికెట్టు ఎవరు కొంటారు?’ అన్నది సినిమా వ్యాపారుల వాదన. పంపిణీదారులు తమకు బొమ్మలు ఇవ్వడం లేదన్నది నిర్వాహకుల ఫిర్యాదు. వ్యవహారం ముదిరి, 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టే దాకా వెళ్లింది.

ఆ తర్వాత జరిగింది గమనార్హం. కూడలిలో ఉచితంగా వేసిన ఆ బృందమే, మూతపడి ఉన్న ‘త్రోయిజీ’ అనే హాలును బాగుచేసి 2021 సెప్టెంబరులో తెరిచింది. అక్కడ టికెట్టు ఉంది. అంటే కూడలిలో జనానికి అలవాటైన బృందం చేతుల మీదుగానే మూతపడిన హాలు మళ్లీ తెరుచుకుంది. ఒక్క ఉదాహరణతో అన్ని ఊళ్ల లెక్కా తేలదు. కానీ ఉచిత తెర అంటే థియేటర్‌కు చావే అన్న మాట నిలవదని మాత్రం దీంతో తెలుస్తోంది.

మన దగ్గర టికెట్టు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 200 రూపాయలకు మించి అమ్మకూడదని కర్ణాటక ప్రభుత్వం 2025 సెప్టెంబరులో నిబంధన తెస్తే, అదే నెలలో హైకోర్టు మధ్యంతర స్టే ఇచ్చింది. నలుగురున్న ఇంట్లో సినిమాకు వెళ్లాలంటే ముందు లెక్క వేసుకోవాల్సి వస్తోంది.

మనకు కొత్తేం కాదు

బయట తెర కట్టి బొమ్మ వేయడం మనకు తెలియని పనా? మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలోనే యంత్రం కొని, ఊళ్లు తిరిగి బొమ్మలు చూపించారు. తర్వాత టూరింగ్ టాకీసులొచ్చాయి. శ్రీరామనవమికో, వినాయక చవితికో వీధిలో తెల్లగుడ్డ కట్టి 16 ఎంఎం ప్రొజెక్టర్‌తో బొమ్మ వేయించడం నిన్నమొన్నటి దాకా ఉన్నదే. టీవీ వచ్చింది, తర్వాత ఫోన్ వచ్చింది. తెల్లగుడ్డ మూలకు చేరింది.

ఏ బొమ్మ వేయొచ్చు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. డీవీడీ కొన్నాం కదా, ఓటీటీకి డబ్బు కట్టాం కదా, యూట్యూబ్‌లో ఉంది కదా అనుకుంటారు. అవన్నీ ఇంట్లో చూసుకోవడానికే. నలుగురికీ చూపించాలంటే హక్కుదారు అనుమతి కావాలి. టికెట్టు పెట్టకపోయినా అంతే.

అయితే మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ గడువు 2022 చివరితో, 1963 నాటి ‘లవకుశ’ గడువు 2023 చివరితో తీరాయి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కూడా ఈ లెక్కలోదే. కాకపోతే 1958 జనవరిలో ఈ చట్టం అమల్లోకి రాకముందు తీసినవాటికి పాత చట్టపు మెలికలు కొన్ని ఉంటాయి. వాటిని వకీలుకు చూపించుకోవాలి. తర్వాత రంగులద్దిన కాపీ జోలికి పోకపోవడం మంచిది.

పాటలది మరో లెక్క. రచయిత, సంగీతకర్త చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ‘గుండమ్మ కథ’ పాటలు రాసిన పింగళి 1971లో, సంగీతం కూర్చిన ఘంటసాల 1974లో కన్నుమూశారు. కాబట్టి పాటల హక్కులు చూసే సొసైటీని అడిగి, లైసెన్సు అవసరమో కాదో ముందే తేల్చుకోవాలి.

అనుమతి, పది గంటల గడియారం

సినిమా ప్రదర్శన ఎక్కడ జరగొచ్చన్నది రాష్ట్రాల చట్టాల కిందకు వస్తుంది. తమిళనాడుకు 1955 నాటిది, కర్ణాటకకు 1964 నాటిది ఉన్నాయి. ఏ రాష్ట్రంలోనైనా కలెక్టరు లేదా డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో అడిగి మొదలుపెట్టాలి. స్థలానికి మున్సిపాలిటీ ఒప్పుకోవాలి. మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి. బొమ్మకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండుగల వేళ అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి 15 రోజులకు మించదు. ‘గుండమ్మ కథ’ దాదాపు రెండు గంటల ముప్పావు. ‘మాయాబజార్’ మూడు గంటలు దాటుతుంది. ‘లవకుశ’ మూడున్నర గంటలకు దగ్గర. మే నెలలో చీకటి పడి తెర కనిపించేసరికే ఏడు దాటుతుంది. అప్పుడు మొదలుపెడితే ‘మాయాబజార్’ పదిలోపు అవదు. ఇటలీ వాళ్లకు వేసవి అనుకూలం, మనకు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అనుకూలం. చీకటి తొందరగా పడుతుంది.

ఎవరి భాష తెర?

సరిహద్దు ఊళ్లో ఇంకో ప్రశ్న కూడా తప్పదు. ‘ఇక్కడ తెలుగు బొమ్మ ఎందుకు?’ అని ఎవరైనా అడగొచ్చు. జవాబు ఆ సినిమాల్లోనే ఉంది. ‘గుండమ్మ కథ’కు మూలం 1958లో విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’. అదే కథ 1962లోనే ‘మనిదన్ మారవిల్లై’ పేరుతో తమిళంలోనూ వచ్చింది. ‘మాయాబజార్’, ‘లవకుశ’ తెలుగు, తమిళాల్లో రెండింటా తీసినవే. హోసూరులో ఒకరోజు తెలుగుది, మరుసటి రోజు తమిళానిది వేస్తే కాదనేవాళ్లెవరు? బళ్లారిలో ‘గుండమ్మ కథ’ వేసి, ఇది కన్నడ కథేనని ముందుగా మైకులో చెబితే ఎదురింటివాళ్లూ వచ్చి కూర్చుంటారు.

ఫోన్‌లోనే ఉంది కదా, ఇంత తంటా దేనికి అంటారా? మన పిల్లల్లో చాలామంది చదువు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో సాగుతోంది. తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక, పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం భాషా మైనారిటీలు కోర్టుల దాకా వెళ్లారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాని పిల్లలు ఏటా పెరుగుతున్నారు. వాళ్లకు తెలుగు చెవి ద్వారానే రావాలి. ఫోన్‌లో ఎవరి బొమ్మ వాళ్లు చూసుకుంటారు. బయట తెర దగ్గరైతే అమ్మమ్మ పక్కన మనవడు కూర్చుంటాడు. ఎస్వీ రంగారావు ఏమన్నాడో అర్థం కాకపోతే ఆవిడే చెబుతుంది.

ప్రతి సరిహద్దు ఊళ్లోనూ తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికి సభ పెట్టి, శాలువాలు కప్పి, ప్రసంగాలు చేస్తున్నాయి. ఆ ఖర్చులో కొంత తీసి, చలికాలంలో నెలకొక సాయంత్రం తెర కట్టొచ్చు. ఈ కార్తీకానికే మొదలు కావాలంటే దరఖాస్తు ఇప్పుడే పెట్టాలి.